కణసమాగమము: జిగురు బూజులయందు ప్రోటీనుల పాత్ర

1. విషయ ప్రవేశము

అనేకము ఏకమగుట ఎట్లు అను ప్రశ్న తత్త్వశాస్త్రమునకు ఎంత ప్రాచీనమో జీవశాస్త్రమునకు అంత ముఖ్యము. మానవదేహమున లెక్కకు మిక్కిలియైన కణములున్నవి. కాని అవి యన్నియు ఒకే తొలికణము విభజన చెందగా ఏర్పడినవి. పుట్టుకనుండియు కలసియే యున్నవి. అట్లుగాక వేరువేరుగ పుట్టి, వేరువేరుగ బ్రదికి, ఆపత్కాలమున తమంత తాము కూడి ఒకే దేహముగ రూపొందు జీవులు ప్రకృతిలో కొన్ని కలవు. వానిలో మిక్కిలి శ్రద్ధతో పరిశీలింపబడినవి జిగురు బూజులు. వానిని పిలుచునది ఏది? కూడినవానిని పట్టియుంచునది ఏది? ఎన్ని కూడిన చాలునో నిర్ణయించునది ఏది? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము ప్రధానముగ ప్రోటీనులయందే లభించుచున్నది. ఆ సమాధానమును వివరించుట ఈ వ్యాసము యొక్క మొదటి యుద్దేశము.

రెండవ యుద్దేశము భాషకు సంబంధించినది. ఈ జీవులను గూర్చి చెప్పుటకు వాడిన మాటలే కొంతకాలము శాస్త్రజ్ఞుల దృష్టిని ఒకవైపునకు లాగినవి. ఆ మాటలను విచారింపక తెలుగులోనికి తెచ్చుకొన్నచో ఆ వంకర మన పాఠ్యగ్రంథములలోనికిని వచ్చును. పరిభాషను కల్పించువారును, బోధించువారును ఈ సంగతిని గమనింపవలసియున్నది.

ఇంతేకాక ఈ కథలో పిలుపులుగ పనిచేయు రెండు ద్రవ్యముల చరిత్రము గోదావరి మండలమున పుట్టిన ఒక శాస్త్రజ్ఞునితో ముడిపడియున్నది. ఆ ముడి యెట్టిదో యథాస్థానమున వివరింపబడును.

2. నామ విచారము

జిగురు బూజు అను పేరు రెండు తెగల జీవులకు చెల్లుచున్నది. మొదటి తెగవానిలో కణవిభాగములు లేని ఒకే ముద్ద అనేక కేంద్రకములతో పెరుగును. వానకు తడిసి కుళ్లిన గడ్డిమీదను, పుచ్చిన మోడులమీదను ఒక్కొకప్పుడు కనిపించు పసుపుపచ్చని నురుగువంటి ముద్ద ఈ తెగలోనిది. రెండవ తెగ కంటికి కనబడని యమీబాల తెగ. ఇవి మట్టిలోను, ఆకుల కుళ్లునందును ఒంటరిగ బ్రదుకుచు, ఆకలి వచ్చినపుడు మాత్రమే కూడును. ఈ వ్యాసమున చెప్పబడునది ఈ రెండవ తెగ; అందును ముఖ్యముగ డిక్టియోస్టీలియమ్ డిస్కాయిడియమ్ అను జాతి. డిక్టియోస్టీలియమ్ అను ప్రజాతిని 1869లో ఓస్కార్ బ్రెఫెల్డ్ వర్ణించిరి. డిస్కాయిడియమ్ జాతిని కెన్నెత్ రేపర్ అమెరికాలోని ఉత్తర కరోలినా అడవి మట్టినుండి 1933లో వేరుచేసి 1935లో ప్రకటించిరి. నేటి వర్గీకరణమున ఇవి శిలీంధ్రములు కావు. అమీబాలకు దగ్గరి బంధువులు. బూజు అను మాట కేవలము రూపసాదృశ్యముచేత నిలిచినది.

ప్రోటీనునకు మన పాఠ్యగ్రంథములలో మాంసకృత్తు అను పేరు కలదు. మాంసమును చేయునది అని దాని యర్థము. పప్పు, పాలు, గ్రుడ్లు మొదలగు ఆహారములను గూర్చి చెప్పునపుడు ఆ మాట చక్కగ పొసగును. కాని ఇచట మనకు ఎదురగు ప్రోటీనులలో ఒకటి చెవివలెను, ఒకటి నాలుకవలెను, ఒకటి కత్తెరవలెను, ఒకటి బంకవలెను పనిచేయును. దేహమునకు ద్రవ్యమగుటకంటె ఏదో ఒక పని నెరవేర్చుటయే వాని ముఖ్యలక్షణము. అందుచేత ఇందు ప్రోటీను అను మాటయే గ్రహింపబడినది. విడివిడిగానున్న కణములు ఒకచోటికి వచ్చి చేరుటను కణసమాగమమనియు, ఒక ద్రవ్యపు వాసనను పట్టి కణము కదలుటను రసాయనానుచలనమనియు, బయటి ద్రవ్యమును గుర్తించు ప్రోటీనును గ్రాహకమనియు వ్యవహరింతుము.

3. జీవిత క్రమము

ఆహారము సమృద్ధిగ నున్నంతకాలము ఈ యమీబాలు బాక్టీరియాలను మ్రింగుచు, రెండుగ చీలి వృద్ధిపొందుచుండును. ఒకదానితో ఒకదానికి పని యుండదు. ఆహారము తరిగిపోవగనే వాని ప్రవర్తన మారును. విభజన ఆగిపోవును. కొన్ని గంటలలో అవి పాయలు పాయలుగ బారులు తీరి కొన్ని కేంద్రములవైపు ప్రవహింపసాగును. డెల్టా కాలువల పటమును తలక్రిందుగ చూచినట్లు, చిన్నపాయలు పెద్దపాయలలోను, పెద్దపాయలు ఒక నడిమి కుప్పలోను కలియును. ఒక కుప్పలో లక్ష వరకు కణము లుండవచ్చును.

ఆ కుప్పకు కొన యేర్పడును. అది పొడవై, ప్రక్కకు వాలి, ఒక చిన్న పురుగువలె ప్రాకును. దాని పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. వెలుతురువైపునకును, వెచ్చదనమువైపునకును పోవును. తగిన తావు దొరకినపుడు నిలిచి, నిటారుగ లేచి, సన్నని కాడయు, దానిపై సిద్ధబీజముల బొట్టును గల చిన్న ఫలనిర్మాణముగ మారును. ఈ క్రమమంతయు సుమారు 24 గంటలలో ముగియును. కణములలో ఇంచుమించు ఐదవ వంతు కాడగ మారి చనిపోవును. తక్కినవి సిద్ధబీజములై తడియు, ఆహారమును గల మరియొక చోట మరల యమీబాలుగ మేల్కొనును.

4. భీమవరమునుండి బోస్టనుకు: రెండు ద్రవ్యముల చరిత్రము

ఈ యమీబాలు తమ జీవితమున రెండు ముఖ్యమైన పిలుపులను వినును. ఆహారమున్న దినములలో వినునది ఫోలిక్ ఆమ్లపు పిలుపు. బాక్టీరియాలు ఫోలిక్ ఆమ్లమును వెలువరించును. అమీబా ఆ జాడ పట్టి తన యాహారమును చేరును. ఈ సంగతిని పాన్, హాల్, బానర్ అను పరిశోధకులు 1972లో ప్రకటించిరి. ఆ ద్రవ్యమును గుర్తించు గ్రాహక ప్రోటీను 2016లో తెలియవచ్చినది. ఆకలి దినములలో వినునది వలయ ఏ.ఎమ్.పి. అను ద్రవ్యపు పిలుపు. దానిని కణము ఏ.టి.పి. అను ద్రవ్యమునుండి తయారుచేయును.

ఏ.టి.పి., ఫోలిక్ ఆమ్లము అను ఈ రెండింటి చరిత్రయందును యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు కలదు. సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమునను, మద్రాసునను చదివి, మద్రాసు వైద్యకళాశాలలో వైద్యవిద్య నభ్యసించిరి. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, 1920ల దశకపు తొలిదినములలో బోస్టనుకు వెడలి హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలసి పనిచేసిరి. 1925లో వీరిరువురును ప్రకటించిన భాస్వరపు కొలత పద్ధతి వారి పేరుతోనే ప్రసిద్ధమైనది. ఆ కొలతయే తరువాతి పరిశోధనకు ఆధారమైనది. 1927లో కండరమునందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని వారు వెల్లడించిరి. ఆ 1929వ సంవత్సరముననే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగ ఏ.టి.పి.ని కనుగొనిరి.

1940లో సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలకు మారిరి. వారి నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లపు సంశ్లేషణమును ప్రకటించినది. తన సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఆ ద్రవ్యము మందుగ ఉపయోగపడినది. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు మరణించిరి. జిగురు బూజులయందు ఈ ద్రవ్యముల పాత్ర బయటపడుట వారి మరణానంతరపు కథ. ఆయన పరిశోధనలు కండరమును, రక్తహీనతను ఉద్దేశించినవే కాని మట్టిలోని యమీబాను ఉద్దేశించినవి కావు. అయినను ఈ కలయికకు కారణము లేకపోలేదు. జీవరాశి తన మూలద్రవ్యములను పదేపదే కొత్త పనులకు వాడుకొనును. శక్తికి నిలయమైన ఏ.టి.పి.యే ఇచట పిలుపునకు ముడిసరకు. ఒకరికి విటమినైన ఫోలిక్ ఆమ్లమే మరియొకరికి వేట జాడ. ద్రవ్యము ఒక్కటియే, దానికి అర్థము కల్పించునవి దానిని తయారుచేయు, గుర్తించు, తుడిచివేయు ప్రోటీనులు.

5. పిలుపును నిర్వహించు మూడు ప్రోటీనులు

యమీబాలు ఒకదాని నొకటి ఆకర్షించుటకు ద్రవ్యమేదో కారణమని 1942లో రన్యన్ సూచించిరి. 1947లో జాన్ టైలర్ బానర్ దానిని నిశ్చయముగ నిరూపించిరి. ఆయన ప్రయోగము సరళమైనది. నీటి అడుగున కూడుచున్న యమీబాలపై నీటిని మెల్లగ ఒకవైపునకు పారించిరి. కేంద్రమునకు దిగువనున్న కణములు మాత్రమే కేంద్రమువైపు తిరిగినవి. ఎగువనున్నవి దారి తెలియక తిరిగినవి. పిలుపు నీటివెంట కొట్టుకొనిపోవుచున్నదని, అనగా అది నీటిలో కరగు ద్రవ్యమని, దీనివలన తేటపడినది. బానర్ దానికి ఎక్రాసిన్ అని పేరిడిరి. స్పెన్సర్ కావ్యమునందలి ఎక్రాసియా అను మాయలాడి పేరే ఈ పేరునకు మూలము. ఆ ద్రవ్యము వలయ ఏ.ఎమ్.పి. యని 1967లో కొనైన్, బానర్, వారి సహచరులు తెలిపిరి. ఈ వలయ ఏ.ఎమ్.పి.ని అంతకుపూర్వము 1950ల దశకమున ఎర్ల్ సదర్లండ్ కాలేయముపై హార్మోనుల ప్రభావమును పరిశీలించుచు కనుగొనియుండిరి.

పిలుపును నిర్వహించు ప్రోటీనులు ముఖ్యముగ మూడు. మొదటిది ఎడినైలిల్ సైక్లేజు. ఇది ఏ.టి.పి.లోని మూడు ఫాస్ఫేటులలో రెండింటిని విడిచి, మిగిలినదానిని వలయముగ వంచి వలయ ఏ.ఎమ్.పి.ని చేయును. ఇది పిలుపునకు నాలుక. రెండవది కణత్వచమును ఏడుమార్లు దాటి కూర్చున్న గ్రాహకము. ఇది పిలుపునకు చెవి. దీని జన్యువు 1988లో వేరుచేయబడినది. బయటి వలయ ఏ.ఎమ్.పి. తగులగనే ఈ గ్రాహకము లోపలి జి-ప్రోటీను ద్వారా రెండు పనులను పురికొల్పును: కణము పిలుపు వచ్చినవైపు సాగును, తానును వలయ ఏ.ఎమ్.పి.ని తయారుచేసి వెలువరించును. మూడవది ఫాస్ఫోడైఎస్టరేజు. ఇది బయటనున్న వలయ ఏ.ఎమ్.పి.ని ఛేదించును. ఇది పిలుపునకు కత్తెర.

విన్న పిలుపును తిరిగి పలుకుట ఈ వ్యవస్థలోని కీలకము. ఒక కణము వెలువరించిన ద్రవ్యము ఎంతో దూరము పోదు. పూర్వము అంచెటపాలో ఒక్కొక్క అంచెకడ మనిషి మారుచు వార్త సాగినట్లు, ఇచట ప్రతి కణమును ఒక అంచెయై పిలుపును ముందునకు పంపును. వార్త బయటివైపునకు సాగును. కణములు లోపలివైపునకు సాగును. పిలుపులు సుమారు ఆరు నిమిషముల కొకమారు అలలుగ వచ్చును. ఒకమారు పలికిన కణము కొన్ని నిమిషములు పలుకజాలదు. గ్రాహకపు స్పందన అప్పటికి మందగించియుండును. అందుచేతనే అల వెనుకకు మరలదు. సైక్లేజు ప్రోటీను కణము యొక్క వెనుకకొనయందు గుమిగూడునని 2003లో తెలియవచ్చినది. ముందుపోవు కణము తోకనుండి పిలుపు వెలువడును. వెనుకకణము దాని తోక పట్టును. యమీబాలు పాయలుగ బారులు తీరుటకు ఇది ముఖ్యకారణము.

కత్తెర ప్రోటీనునకు గల ప్రాముఖ్యము మొదటిచూపునకు తోచదు. పిలుపును తుడిచివేయునది సమాగమమునకు అడ్డు కావలెను గదా! కాని దాని జన్యువును పోగొట్టుకొన్న యమీబాలు కూడజాలవు. బయటినుండి ఆ ప్రోటీనును అందించినచో మరల కూడును. బ్రయన్ షాఫర్ 1950ల దశకముననే ఎక్రాసిన్‌ను నశింపజేయు ద్రవ్యము కలదని గుర్తించియుండిరి. తుడుపు లేనిచో ద్రవ్యము అంతట సమముగ నిండిపోవును. ఎటు ఎక్కువ, ఎటు తక్కువ అను భేదము నశించును. మాటకు మాటకు నడుమ విరామము లేనిచో వాక్యము బోధపడనట్లే, అలకు అలకు నడుమ నిశ్శబ్దము లేనిచో పిలుపు పిలుపు కాదు.

6. పట్టియుంచు ప్రోటీనులు

చేరిన కణములు విడిపోకుండుటకు అంటు ప్రోటీనులు కావలెను. వీనిని గూర్చి జర్మనీలో గుంథర్ గెరిష్, వారి సహచరులు చేసిన పని మార్గదర్శకమైనది. వారు రెండువిధముల అంటులను గుర్తించిరి. మొదటివిధము కాల్షియము నాశ్రయించినది; కాల్షియమును హరించు ద్రవ్యమును కలిపినచో విడిపోవును. రెండవది ఆకలి మొదలైన తరువాత వెలయునది. కాల్షియము లేకున్నను విడువదు. దీనికి కారణమైన ప్రోటీనునకు ‘స్పర్శస్థానము ఏ’ అని పేరు. దానికి చక్కెర శాఖలు తగిలియుండును. ఆ స్థానములను కప్పివేయు ప్రతిరక్షక ఖండములను కలిపినచో ఆ యంటు నిలిచిపోవునని 1970ల దశకమున వారు చూపిరి. ఒక కణము ఉపరితలమునందలి ఏ ద్రవ్యము దానిని మరియొక కణమునకు అంటించుచున్నదో నిర్ణయించు పద్ధతికి ఇది దారి చూపినది.

ఈ ప్రోటీను లేని యమీబాలతో చేసిన ప్రయోగములు మరియొక పాఠమును నేర్పినవి. ప్రయోగశాలలోని నున్నని అగర్ తలముపై అవి ఇంచుమించు మామూలుగనే కూడినవి. ఆ ప్రోటీను అనవసరమేమో యని తోచును. కాని గరుకైన మట్టిపై వానిని సహజమైన కణములతో కలిపి వదలినపుడు, అవి పాయలలో నిలువలేక వెనుకబడినవి. 2003లో క్వెలర్, వారి సహచరులు ప్రకటించిన ఈ ఫలితము పరిశోధకులందరును గుర్తుంచుకొనదగినది: ఒక ప్రోటీను విలువ అది పనిచేయు నేలపై తెలియును.

అట్టిదే డిస్కాయిడిన్ అను ప్రోటీను కథ. 1973లో రోజెన్, బారండిస్ దీనిని చక్కెరలకు అంటుకొను ప్రోటీనుగ గుర్తించిరి. సమాగమ కాలమున విస్తారముగ తయారగుటచేత కణములను ఒకదానికొకటి అంటించునది ఇదియే యని మొదట భావింపబడినది. తరువాతి పరీక్షలలో అది కణము నేలను పట్టుకొని పాయలో క్రమముగ సాగుటకు తోడ్పడునని తేలినది.

7. లెక్కించు ప్రోటీనులు

కూడుటకు ముందే కణములు ఒక ప్రశ్నకు సమాధానము తెలిసికొనవలెను: కూడుటకు తగినన్ని కణములు చుట్టునున్నవా? ఆకలిగొన్న ప్రతి కణమును ఒక ప్రోటీనును కొద్దికొద్దిగ వెలువరించును. దాని యణుభారము సుమారు 80 వేల డాల్టనులు. చుట్టు ఆకలిగొన్న కణములు పెరిగినకొలది ఈ ప్రోటీను సాంద్రతయు పెరుగును. అది ఒక హద్దును దాటినపుడే కణములు వలయ ఏ.ఎమ్.పి. పిలుపునకు సరిగ స్పందించును. గోదావరీతీరవాసులకు ఈ యేర్పాటు క్రొత్త కాదు. భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాదసూచన వెలువడును. అంతకు లోపలనున్న ప్రతి పెరుగుదలకును లంకలు ఖాళీచేయరు. కణమునకును అట్టి కొలబద్ద కావలెను. ఆ కొలబద్దయే ఈ ప్రోటీను.

కూడుట మొదలైన తరువాత రెండవ లెక్క వచ్చును: ఎన్ని కణములు చాలును? కుప్ప చాల చిన్నదైనచో కాడ పొట్టియై సిద్ధబీజములు నేలనంటియుండును. చాల పెద్దదైనచో కాడ బరువు మోయలేక కూలును. ఈ మితమును నిర్ణయించునది లెక్కింపు కారకము అను ప్రోటీను సముదాయము. దీనిని బ్రాక్, గోమర్ 1999లో వర్ణించిరి. దాని మొత్తపు అణుభారము సుమారు 4 లక్షల 50 వేల డాల్టనులు. పాయలో కణములు పెరిగినకొలది ఈ కారకమును పెరుగును. అది కణముల నడుమ అంటును తగ్గించి చలనమును పెంచును. అందుచేత పాయ తెగి పలు కుప్పలుగ విడిపోవును. ఈ కారకమును మితిమీరి వెలువరించు ఉత్పరివర్తితములలో లెక్కలేనన్ని చిన్నకుప్ప లేర్పడినవి. దానిలోని కౌంటిన్ అను భాగము లేనివానిలో పాయలు తెగక పెనుకుప్ప లేర్పడి, వాని ఫలనిర్మాణములు తరచు కూలినవి. కలుపు శక్తియు, విడదీయు శక్తియు తగుపాళ్లలో నున్నపుడే రూపము నిలుచును.

8. తనవారిని గుర్తించు ప్రోటీనులు

కాడగ మారిన కణములు చనిపోవునని చెప్పితిమి. వాని త్యాగము తన వంశమునకు చెందిన సిద్ధబీజములకు తోడ్పడినచో అర్థవంతము. పరుల బీజములకు తోడ్పడినచో నష్టము. కావున ఎవరితో కలయవలెను అను ప్రశ్నకు ప్రాణమంత విలువ కలదు. దీనికి సమాధానము టీజీఆర్‌బీ-1, టీజీఆర్‌సీ-1 అను జంట ప్రోటీనులలో దొరకినది. ఒక కణముపైని మొదటి ప్రోటీను ప్రక్క కణముపైని రెండవదానితో తాళమును తాళపుచెవియువలె కలియవలెను. ఈ జంట రూపము అడవిలోని వంశవంశమునకును మారుచుండును. సరిపడని జంటలు గల కణములు కొంతదూరము కలసి పయనించినను చివరకు వేరుపడును. స్వజన పరిజ్ఞానమునకు ఈ జంటయే చాలునని 2011లో కుస్పా, షాల్స్కీ, వారి సహచరులు నిరూపించిరి.

వేరుపడుట సంపూర్ణము కాదు. తమిళనాడులోని ముదుమలై అడవి మట్టినుండియు, జంతువుల పేడనుండియు సేకరించిన జిగురు బూజులను బెంగుళూరులో విద్యానంద నంజుండయ్య, వారి సహచరులు పరిశీలించి, ఒకే ఫలనిర్మాణమున భిన్నవంశములు కలసియుండుట కలదని 2010లో ప్రకటించిరి. అనగా ప్రకృతిలో ఈ సమాగమములు కేవలము కుటుంబములు కావు; కొంతవరకు పొరుగువారి సమాజములు కూడ.

9. సమాగమమునుండి వికాసమునకు

కుప్పయందు అన్ని కణములును ఒకేవిధమైనవి కావు. కొన్ని కాడవైపును, కొన్ని సిద్ధబీజములవైపును మొగ్గుచుండును. కణము ఆకలిగొన్న వేళకు విభజన చక్రమున ఏ దశయందుండెనో, ఎంత తినియుండెనో అను విషయములు ఈ మొగ్గును ప్రభావితము చేయును. తరువాత ప్రోటీను కైనేజు-ఏ అను ప్రోటీను ప్రధానపాత్ర వహించును. కణములోపల వలయ ఏ.ఎమ్.పి. పెరిగినపుడు అది మేల్కొని వికాసమునకు కావలసిన జన్యువులను నడిపించును. బయట ఇతరులకు పిలుపైన ద్రవ్యమే లోపల తనకు ఆదేశమగుట గమనింపదగినది.

చివరిఘట్టమున జరుగు సంభాషణము మిక్కిలి ఆసక్తికరము. సిద్ధబీజములు కాబోవు కణములు ఒక ప్రోటీనును వెలువరించును. కాడ కాబోవు కణములు దానిని ఛేదించి ఒక చిన్న ఖండముగ మార్చును. ఆ ఖండము తగిలినంతనే సిద్ధబీజ కణములు తమ కవచమును కట్టుకొనును. కవచము తొందరపడి కట్టుకొన్నచో బొట్టు కాడపైకి చేరదు, ఆలస్యమైనచో ఎండిపోవును. చనిపోబోవు కణములే బ్రదుకబోవు కణములకు వేళ తెలుపుచున్నవన్నమాట.

10. నాయకుడెవరు?

ఇంతవరకు చెప్పినదానియందు ఆజ్ఞాపించు కణమేదియు కనబడదు. కాని చిరకాలము పరిశోధకులు అట్టిదానికొరకు వెదకిరి. అలలు ఒక కేంద్రమునుండి వచ్చుచున్నవి గనుక ఆ కేంద్రమున గతినియామక కణమొకటి ప్రత్యేకముగ నుండవలెనని వారి తలంపు. 1970లో ఎవెలిన్ ఫాక్స్ కెల్లర్, లీ సీగెల్ అను శాస్త్రజ్ఞులు వేరొకదారి చూపిరి. కణములన్నియు సమానములైనను, అవి పిలుపు ద్రవ్యమును వెలువరించుటయు, ఛేదించుటయు, దానివైపు కదలుటయు ఒక నిష్పత్తిని దాటినచో సమవిస్తరణము తనంత తానే చెదరును; యాదృచ్ఛికమైన స్వల్పభేదమే పెరిగి కేంద్రమగును. కెల్లర్ తరువాత 1983లో ఒక వ్యాసము వ్రాసి, నియామకుడు అను భావమునకు మనస్సులపై గల పట్టును చర్చించిరి. ఆధారమున్నను లేకున్నను నాయకుని ఊహించుట మనకు సులభము. నాయకుడు లేని క్రమమును ఊహించుట కష్టము.

న్యాయముగ రెండవ పక్షమును చెప్పవలెను. కొన్ని జాతులలో ఒకే కణము సమాగమమును మొదలుపెట్టుటను షాఫర్ చూచిరి. డిస్కాయిడియమునందును ముందుగ పలుకు కణములు ఉండును. కాని ముందుగ పలుకుట వేరు, ఏలుట వేరు. అట్టి కణమును తొలగించినను కూడిక వేరొక కేంద్రమున సాగగలదు. కావున తెలుగున ఇట్టి కణమును నాయక కణమనుట కంటె ఆరంభక కణమనుట యుక్తము. అట్లే ‘ఆజ్ఞ’ అనుటకంటె ‘పిలుపు’ లేక ‘సంకేతము’ అనుట యుక్తము. పిలుపునందు వినువాని స్పందనకు చోటున్నది, ఆజ్ఞయందు లేదు. కణము వినుటయు, తిరిగి పలుకుటయు, మౌనము వహించుటయు ప్రోటీనుల స్థితినిబట్టి యుండును గాని ఒక కేంద్రపు ఇచ్ఛనుబట్టి యుండదు. పరిభాష నిర్ణయము కేవలము నిఘంటువుల పని కాదు. సిద్ధాంతమును నిర్ణయించు పని కూడ నగును.

11. ఉపసంహారము

ఇంతవరకు చెప్పినదానిని సంగ్రహించి ఇట్లనవచ్చును. జిగురు బూజుల సమాగమమున ఒక ప్రోటీను పిలుపును చేయును, ఒకటి వినును, ఒకటి తుడుచును. ఒకటి పట్టును, ఒకటి లెక్కించి విడదీయును. ఒక జంట తనవారిని ఏరును. వీనిలో ఏ యొక్కటియు సమాజమును నిర్మించుట లేదు. అన్నింటి పరస్పర నియమనమునుండి సమాజము నిర్మితమగుచున్నది. 2005లో ఈ జీవి జన్యుసంపుటి చదువబడినది; అందు సుమారు 12,500 ప్రోటీనులకు సంబంధించిన జన్యువులు కలవు. ఇందు పేర్కొన్నవి వానిలో కొన్ని మాత్రమే.

ఈ పరిశోధనకు ఖరీదైన పరికరములు మొదటనే యక్కరలేదు. మొక్కల వేళ్లచుట్టునున్న మట్టియందు ఈ కుటుంబపు జీవులు దక్షిణ భారతమున కలవని వి. అగ్నిహోత్రుడు 1956లోనే ప్రకటించిరి. కొంచెము మట్టిని నీటిలో కలిపి, పలుచని అగర్ తలముపై బాక్టీరియాతోపాటు పరచినచో కొన్ని దినములలో కాడలు సూక్ష్మదర్శినియందు కనిపించును. డెల్టాలోని ఏ కళాశాల విద్యార్థియైనను వరిచేని గట్టునుండియు, కొబ్బరితోటనుండియు, పాపికొండల అడవినుండియు మట్టి తెచ్చి ఈ పని మొదలుపెట్టవచ్చును. తాను చూచినదానిని తెలుగున వ్రాయబూనినపుడు మాత్రము, ఏ కణము ఏమి చేసినదో ఆ పనిని చెప్పు క్రియాపదమును ముందు వెదకుకొని, బిరుదును తరువాత తగిలించుట మంచిది.